ఇద్దరూ ఒప్పుకునే మాట

సార్ స్నానం చేస్తున్నారు, కూర్చోండి అన్నాడు పీఏ. కూర్చున్నాను. నాయకుల ఇళ్లల్లో స్నానాలెప్పుడూ ఇంతే, మనం గుమ్మంలో అడుగు పెట్టాకే మొదలవుతాయి, నా సర్వీసులో నేను కలవడానికి వెళ్లిన నాయకుల్లో సగంమంది బాత్‌రూంలోనే ఉన్నారు, వాళ్లంత శుభ్రమైన జాతి ఇంకోటి ఉండదు. ముందుగది పెద్దదే. గోడల వెంట ప్లాస్టిక్ కుర్చీలు, మూలన ఇంకా కొన్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి పేర్చారు, సాయంత్రానికి జనం వస్తారు కాబోలు. ఎండ కిటికీ చువ్వల్లోంచి జారి నా చెప్పుల దాకా వచ్చి ఆగింది. ఎదురుగా గోడ నిండా ఫోటోలు, అన్నిట్లోనూ ఆయనే, మెడలో దండతో, చేతిలో మైకుతో, ఎవరి భుజం మీదో చెయ్యేసి. మధ్యలో ఒక చోట ఫోటో తీసేసిన జాగా, గోడ మిగతా అంతా మాసిపోయి అక్కడ మాత్రం తెల్లగా ఉంది. అక్కడ ఎవరుండేవాడో నాకు తెలుసు, తాళంచెవి గుర్తు పార్టీ అధ్యక్షుడు. కిందటేడు ఈయన మళ్లీ గొడుగు పార్టీలోకి వచ్చేశాడు కదా, ఫోటో దించారు, రంగు వేయించడం మర్చిపోయారు. ఇది కాలమ్‌లో రాస్తే జనం పడీ పడీ నవ్వుతారు. రాయను. నవ్వించడానికి కార్టూన్లు వేసేవాడు వేరే ఉన్నాడు మాకు.

ఎన్నికలొచ్చినప్పుడల్లా మా పత్రిక ఒక పేజీ వేస్తుంది. పోటీలో ఉన్న ప్రతి మనిషికీ ఒక కాలమ్, ఏం చదివాడు, ఏయే పార్టీల్లో ఉన్నాడు, ఎందుకు మారానని చెప్పాడు, దేని గురించి ఏమన్నాడు, అన్నది చేశాడా లేదా. అంతే. ఆ పేజీ నాది, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ నాదే. దానికో పద్ధతి ఉంది, మా పెద్దాయన పెట్టినది. పెద్దాయనంటే పత్రిక మొదలుపెట్టిన ఎడిటర్, ఇప్పుడు లేడు, ఉన్నన్నాళ్లూ ఆఫీసులో మా అందరికీ ఆయన పెద్దాయనే. కాలమ్ రాశాక ఇద్దరికి చదివి వినిపించాలి. ముందు ప్రత్యర్థికి, తర్వాత ఆ మనిషికే. రికార్డుల్లో ఉన్నదానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు, వేసిన ఓటు వేసినట్టే, పెట్టిన సంతకం పెట్టినట్టే. నోటిమాటగా విన్నదానికి మాత్రం ఇద్దరూ అవునంటేనే అచ్చు. నచ్చలేదు అంటే కుదరదు, అబద్ధం అని మొహం మీద అనాలి. వాడంటే నాకు గిట్టదు గానీ వాడు చెప్పేది ఇదే, అని ప్రత్యర్థి అనాలి. ఇది నాకు గిట్టదు గానీ నేను చెప్పింది ఇదే, అని ఆ మనిషి అనాలి. ఇద్దరూ మొహాలు మాడ్చుకుని ఒప్పుకున్నారంటే నువ్వు సరిగ్గా రాసినట్టు అమ్మాయ్, అనేవాడు పెద్దాయన. పక్క పత్రికలవాళ్లు మా గురించి వేళాకోళాలు ఆడేవాళ్లు, మీరు పేపరు నడుపుతున్నారా, పెళ్లిళ్ల పేరయ్య పని చేస్తున్నారా అని. అయినా ఎన్నికల ముందురోజు వాళ్ల ఇళ్లల్లో కూడా మా పేజీయే చదివేవాళ్లు, నాకు తెలుసు.

మొదట్లో ఎంత తిప్పలు పడ్డానో. మొట్టమొదటి కాలమ్‌లో ముక్కుసూటి మనిషి అని రాశాను ఒకాయన గురించి, రాసి మురిసిపోయాను. పెద్దాయన ఎర్రసిరాతో కొట్టేసి, వాళ్లవాళ్లు ముక్కుసూటి అంటారు, ఎదుటివాళ్లు నోటిదురుసు అంటారు, నీకెందుకమ్మాయ్ ఆ గొడవ, ఏ రోజు ఎవరితో ఏమన్నాడో అది రాయి, ముక్కో నోరో చదివేవాడు చూసుకుంటాడు అన్నాడు. ఆ తర్వాత నా రాతల్లోంచి విశేషణాలన్నీ రాలిపోయాయి. మాటల్లోంచీ రాలిపోయాయి కాబోలు, కూర ఎలా ఉందే అని మా ఆయన అడిగితే ఉప్పు వేశాను, కారం వేశాను అనేదాన్ని, ఆయన తల పట్టుకునేవాడు. పీఏ ఫోన్లో ఎవర్నో కసురుతున్నాడు, జెండాలు చిన్నవి పంపారట, గొడుగు కనపడ్డం లేదట. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, పాపం, ఆ చొక్కా పొద్దుటి నుంచీ తడిసి ఆరి తడిసినట్టుంది. ఈయనతో పాటు ఇతనూ ఎన్ని పార్టీలు మారాడో. ఇతని గురించి ఎవరూ కాలమ్ రాయరు.

తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు. వాడికి తెలుసు ఈ వారం నేను ఎవరి గురించి రాస్తున్నానో. ఈసారైనా రాయవే అక్కా, నీ చేతిలో పనే కదా, అమ్మని పొట్టన పెట్టుకున్నవాడి బండారం బయటపెట్టవే అన్నాడు. వాడలా అన్నప్పుడల్లా నేను ఏమీ అనను. అనకపోవడమంటే ఒప్పుకోవడమే, నేనూ అదే అనుకుంటాను కాబట్టి, రోజూ కాకపోయినా చాలా రోజులు అనుకుంటాను. మా వీధి మొదట్లో మాది మొదటి ఇల్లు. ఒకటే గది, దానికో వంటగది, వీధి వైపు పెద్ద కిటికీ, కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషను. నాన్న పోయాక మా ఇద్దర్నీ ఆ మిషనే చదివించింది. ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూదులుండేవి, వాటితోనే మాట్లాడేది, కొత్తవాళ్లకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, మాకు మాత్రం తిట్లతో సహా అర్థమయ్యేది. కొలతలన్నీ గోడ మీదే సుద్దతో రాసేది, పేర్లుండవు, అంకెలే. ఏవి ఎవరివే అని అడిగితే, నా గోడకి తెలుసులే అనేది. పెళ్లి కుదిరిన పిల్లలు, లావైన అత్తలు, బడి పిల్లలు, వీధి వీధంతా ఆ గోడ మీద అంకెలై ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తామన్నారు, మార్కెట్ యార్డుకి లారీలు వెళ్లాలన్నారు. ఆ కాగితం మీద సంతకం ఈయనదే, మునిసిపల్ చైర్మన్‌గా. కూల్చిన రోజు నేను ఆఫీసులో పేజీ దిద్దుకుంటున్నాను, తమ్ముడు కాలేజీ ఉన్న ఊళ్లో ఉన్నాడు, అమ్మ ఒక్కతే ఉంది. సాయంత్రం వెళ్లేసరికి మిషను రోడ్డు మీద ఉంది, అమ్మ దాని ముందు స్టూలు మీద కూర్చుని ఉంది, మామూలుగా, ఎవరో గుడ్డ తెస్తారని చూస్తున్నట్టు. గోడ ఏదే అని అడిగాను, ఇల్లు ఏది అని కాదు. అద్దెగదిలో గోడల మీద రాయొద్దన్నాడు ఇంటాయన. కాగితం మీద రాసుకోవే అంటే, కాగితాలు నాకు అలవాటు లేవు అంది. బేరాలు తగ్గాయి, తిండి తగ్గింది, ఆ ఏడు వానలు పడుతుండగానే పోయింది. నేను ఈయన్ని తిట్టని తిట్టు లేదు, అమ్మ మంచం మీద ఉండగానే తిట్టేదాన్ని, శాపనార్థాలు పెట్టేదాన్ని. ఊరుకోవే, అనేది అమ్మ. అదొక్కటే మాట.

ఈ సంగతి ఆఫీసులో పెద్దాయనకొక్కడికే తెలుసు. తెలిసీ ఈయన కాలమ్ నాకే ఇచ్చాడు. నావల్ల కాదండీ, ఆయన పేరు రాస్తుంటే చెయ్యి వణుకుతుంది అన్నాను. వణకనీ, ఆయనంటే పడిచచ్చేవాడికిస్తే పూలు చల్లుతాడు, నీకైతే భయం ఉంటుంది, ఎక్కడ కోపంతో రాసేస్తానో అని ఒకటికి పదిసార్లు చూసుకుంటావు, నాకు కావలసింది ఆ భయమే అమ్మాయ్ అన్నాడు. ముసలాయన ఎంత గడుసు. అలాగే రాశాను, ప్రతి ఎన్నికలోనూ రాశాను. కార్మిక సంఘంలో మొదలయ్యాడు, గొడుగు పార్టీలో చేరాడు, చైర్మన్ అయ్యాడు, రోడ్డు ప్రణాళిక మీద సంతకం పెట్టాడు, అనారోగ్యం కారణంగా రాజీనామా చేశాడు, గొడుగు పార్టీ తరఫున చట్టసభకి వెళ్లాడు, కూలిరేట్ల బిల్లు మీద పార్టీతో తగాదాపడి తాళంచెవిలోకి వెళ్లాడు, ఆడపిల్లల కాలేజీ తెచ్చాడు, అద్దెల చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు, ఇప్పుడు మళ్లీ గొడుగు కిందకి వచ్చాడు. జనం గోడమీద పిల్లి అంటారు. నేను అనను. ఏ గోడ, ఎప్పుడు దూకాడు, దూకినప్పుడు ఏమని చెప్పాడు, అంతవరకే. అలా రాసినందుకు నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. నా శత్రువు గురించి నాకంటే నిజాయితీగా రాసేవాళ్లు ఈ ఊళ్లో లేరని.

నిన్నటిదాకా. నిన్న ప్రత్యర్థికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఈసారి తాళంచెవి తరఫున నిలబడింది ఒకావిడ, గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే అని ఆవిడ వాళ్లంటారు, నేను అనను. ఈయన చైర్మన్‌గా ఉన్న రోజుల్లో ఆవిడా గొడుగు పార్టీలోనే ఉండేది. అంతా విని, "బానే ఉంది గానీ, ఆ అనారోగ్యం ఏంటండీ?" అంది. "ఆయనకేం రోగం? గుండ్రాయిలా ఉండేవాడు. ఆ రోజు పార్టీ మీటింగులో ఆయన పక్క కుర్చీ నాదేనండీ. ఆ వీధి జోలికి వెళ్లొద్దు, రోడ్డు అవతల నుంచి వేద్దాం, నేను సంతకం పెట్టి తప్పు చేశాను అని ఒంటికాలి మీద లేచాడు. మావాళ్లు వినలేదు. అక్కడికక్కడ రాజీనామా కాగితం బల్ల మీద పడేశాడు. బయటికి మాత్రం ఆరోగ్యం బాగాలేదని చెప్పించారు." ఇది రాస్తే ఆయనకి మంచి పేరొస్తుందండీ అన్నాను, ఆవిడకి ఏదో మేలు చేస్తున్నట్టు. ఆవిడ నవ్వింది. "రానివ్వండి. చేసిన మంచి దాచి ఓడించాల్సిన గతి నాకింకా పట్టలేదు. పైగా గొడుగువాళ్ల మీటింగు సంగతి బయటపడితే వాళ్లింట్లో వాళ్లకే మంట, అది నాకేం చేదా?"

రాత్రంతా ఒకటే అనుకున్నాను. అబద్ధం అయితే బాగుండు. ఇదీ నా కోరిక, కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలంటే ఇదే. ఈయన స్నానం ముగించి వచ్చి, అదేం లేదమ్మా, నిజంగానే ఒంట్లో బాగాలేదప్పుడు, అంటే చాలు, రూలు ప్రకారం నేనా మాట కొట్టేస్తాను, లేచి వెళ్లిపోతాను, సాయంత్రం పేజీ అచ్చుకి పోతుంది. అసలు అడగనే అక్కర్లేదు. అనారోగ్యం కారణంగా అని ఆయన అప్పుడు చెప్పిందే, పేపర్లన్నీ వేసిందే, అది అలాగే చదివేస్తే సరిపోతుంది, ఎవరు పట్టుకుంటారు? ఈయనకీ లాభమే, గొడుగువాళ్లు ఇచ్చిన సీటు మీద నిలబడి గొడుగువాళ్లని ఎదిరించానని చెప్పుకోవడం ఎవరికి కావాలి? ఈయన దాచుకుంటాడు, నేను కప్పిపెడతాను, ఎన్నాళ్లకు మా ఇద్దరికీ ఒక మాట మీద ఒప్పందం కుదిరింది, పెద్దాయన ఉంటే చెంప పగలగొట్టేవాడు. కానీ ఎలా పెద్దాయనా, నువ్వు చెప్పు, అమ్మ పోయాక నాకు మిగిలినవి ఏమిటి, ఇల్లు లేదు, గోడ లేదు, మిషను తుప్పు పట్టి పోయింది, ఈయన మీద కోపం ఒక్కటే కదా చెక్కు చెదరకుండా ఉంది. అది కూడా తీసుకెళ్లి ఈయన కాలమ్‌లో మంచి వైపు వెయ్యమంటావా? తమ్ముడికేం చెప్పను? లోపల నీళ్ల చప్పుడు ఆగింది. నిజంగానే స్నానం చేస్తున్నట్టున్నాడు.

వచ్చాడు. ఫోటోల్లో కంటే, కిందటి ఎన్నికలప్పుడు నేను చూసినదానికంటే చిన్నగా ఉన్నాడు, తడిజుట్టు పాపిడి తీసి దువ్వుకున్నాడు, బడికి వెళ్లే పిల్లాడిలా. చెవిలో మిషను పెట్టుకుంటూ, "ఆలస్యమైందమ్మా, ఏమనుకోకండి, బకెట్ ఎత్తి పోసుకోవడం కష్టమైపోతోంది, చెంబుతో చెంబుతో పోసుకునేసరికి ఇదిగో ఇంతసేపు" అన్నాడు. బాత్‌రూం జోకులన్నీ మింగేశాను. కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. కార్మిక సంఘం దగ్గర తలూపాడు. రోడ్డు ప్రణాళిక మీద సంతకం దగ్గర ఊపలేదు, కాదనలేదు. తర్వాతి వాక్యం నా కళ్ల ముందే ఉంది, నాలుగు మాటలు, చదివేస్తే అయిపోతుంది. నోరు తెరిచాను.

"సార్, ఇక్కడ అనారోగ్యం కారణంగా రాజీనామా అని ఉంది. అది నిజమేనా?"

కళ్లు తెరిచాడు. పీఏ వైపు చూసి, అమ్మగారికి టీ చెప్పు, నువ్వే దగ్గరుండి పెట్టించు అన్నాడు. అతను వెళ్లేదాకా ఆగాడు. "ఎవరు చెప్పారు? ఆవిడేనా?" అని తనే నవ్వాడు. "ఆవిడకి ఏదీ కడుపులో దాగదు. చూడమ్మా, ఇది నా ఆఖరి పోటీ. సీటిచ్చింది వాళ్లు. ఇప్పుడిది బయటికొస్తే వాళ్లే నన్ను ముంచుతారు. అనారోగ్యం అనే ఉండనివ్వండి. ఎవరికి నష్టం?"

ఇదే కదా నాకు కావలసింది. కాగితం మడిచి లేవచ్చు. లేవలేదు. "ఆవిడ చెప్పింది అబద్ధం అని చెప్పండి సార్, తీసేస్తాను. ఉండనివ్వండి అంటే కుదరదు" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలీదు. ఈ మనిషి చేత ఈ మనిషి చేసిన మంచి ఒప్పించడానికి నేను కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నాను, ఆయన నీళ్లు నములుతుంటే నాకు ఒళ్లు మండుతోంది. "అబద్ధమా సార్?" అని మళ్లీ అడిగాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "కాదు" అన్నాడు. "కూల్చే ముందురోజు ఆ వీధికి వెళ్లానమ్మా. సంతకం పెట్టేటప్పుడు చూడలేదు, మ్యాపు మీద గీతే చూశాను. జనం మీద పడతారని పోలీసుల్ని కూడా తీసుకెళ్లాను. మొదటి ఇంట్లో ఒకావిడ మిషను కుడుతోంది. నోట్లో సూదులు. వాటిని ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. నేను ఫలానా అని చెప్పాను. తెలుసు నాయనా, ఎండన పడి వచ్చావు, లోపలికొచ్చి కూర్చో, కూల్చేది రేపు కదా, ఇవాళ్టికి ఇది నా ఇల్లే అంది. మంచినీళ్లిచ్చింది. తిట్టుంటే బాగుండేది. నేను తిట్లకి సిద్ధపడి వెళ్లాను. నా చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉంటే, విప్పి ఇవ్వక్కర్లేదు, కదలకుండా కూర్చో అని అక్కడే కుట్టేసింది. ఆ చొక్కాతోనే మీటింగుకి వెళ్లాను."

నేను కాగితం మీద పెన్ను పెట్టుకుని ఉన్నాను. పెన్ను కదల్లేదు. అమ్మ. ఊరుకోవే, ఊరుకోవే అని ఎందుకన్నావో ఇప్పుడు, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, ఈయన నోట వినాలా నేను? నాకు చెప్పలేదేం? చెబితే నిన్నూ తిడతాననుకున్నావా? తిట్టేదాన్ని.

"సరే, రాయండి" అంటున్నాడాయన. "రాస్తే మొత్తం రాయండి కానీ. రాజీనామా ఒక్కటే రాస్తే నేనేదో మహానుభావుణ్ణి అనుకుంటారు. కాగితం పడేసి ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు వీధి వీధంతా కూలింది, నేను గుమ్మం దాటలేదు. ఆరోగ్యం బాగాలేదని చెప్పమన్నారు, చెప్పాను. నోరు మూసుకున్నందుకే తర్వాత చట్టసభ సీటిచ్చారు. అదీ రాయండి. జాగా చాలకపోతే నా చదువు తీసెయ్యండి, అదేమంత గొప్పది కాదు." రాశాను. ఒక్కో ముక్కా చదివి వినిపించాను. అవును అన్నాడు, అవును అన్నాడు, సీటు దగ్గర గొంతు తగ్గించి అవును అన్నాడు. పీఏ టీ తెచ్చి పెట్టి, మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

లేవబోతుంటే, "ఆవిడేమైందో తెలీదమ్మా" అన్నాడు. "ఓట్లకి ఊరంతా తిరిగాను, ఎక్కడా కనపడలేదు. ఏ తలుపు కొట్టినా ఆవిడే తీస్తుందేమోనని భయమేసేది. మీ పేపరువాళ్లకేమైనా తెలుస్తుందా?"

ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఏళ్ల తరబడి సిద్ధంగా ఉంది. నువ్వే చంపావు. తమ్ముడూ నేనూ ఒకరికొకరం అప్పజెప్పుకున్న మాట, ఎప్పటికైనా ఈ మొహం మీద అనాలని దాచుకున్న మాట. నోటి దాకా వచ్చింది. అనేస్తే ఈయన కాదనడు, చూస్తుంటే తెలుస్తోంది, తల వంచుకుని ఒప్పుకుంటాడు. కానీ ఇద్దరూ ఒప్పుకోవాలి కదా. అమ్మ ఒప్పుకోదు.

"పోయిందండీ" అన్నాను. "ఆ ఏడే, వానల్లో, అద్దెగదిలో. జ్వరం వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. మా అమ్మండీ ఆవిడ."